బల్ల మీద బొగ్గుబండి: నమూనా గూడ్సు రైలు నిర్మాణం

సంగారెడ్డి జిల్లాలోని జిన్నారానికి రైల్వే స్టేషన్ లేదు. అయినా పటాన్‌చెరుకు దక్షిణంగా నాగులపల్లి, శంకరపల్లి మీదుగా సాగే సికింద్రాబాద్–వాడి మార్గం, 1874లో నిజాం రాజ్యంలో మొదలైనది, ఈ ప్రాంతంలో నమూనా గూడ్సు రైలు కట్టదలచినవారికి చక్కని ఆధారం. ఆ మార్గంలోని తాండూరు పరిసరాల సిమెంటు కర్మాగారాలకు బొగ్గు చేరాలి, అక్కడి సిమెంటు బయటికి వెళ్లాలి. కాబట్టి కప్పులేని బొగ్గు వ్యాగన్లకూ, బస్తాలు తడవనివ్వని కప్పు వ్యాగన్లకూ ఒకే దారిలో పని ఉంటుంది. నమూనాలో మొదట తేల్చుకోవలసింది ఈ సరుకు సంగతే.

విరివిగా వాడుకలో ఉన్న హెచ్‌ఓ స్కేలులో అసలు కొలతను 87తో భాగిస్తారు. బాక్స్‌ఎన్ అనే బొగ్గు వ్యాగన్ కప్లర్లతో కలిపి 10,713 మి.మీ. పొడవు గనుక నమూనా 123 మి.మీ. అవుతుంది. మన బ్రాడ్‌గేజి పట్టాల ఎడం 1,676 మి.మీ. ఈ లెక్కన 19.3 మి.మీ. కావాలి గానీ, 1,435 మి.మీ. గేజికి తగినట్లు చేసిన హెచ్‌ఓ పట్టాల ఎడం 16.5 మి.మీ. మాత్రమే. కచ్చితమైన గేజి కోరేవారు పట్టాలు స్వయంగా వేసుకోవాలి. తక్కినవారు ఆ తేడాను ఒప్పుకొని పెట్టె కొలతలనైనా తప్పకుండా పాటించాలి.

పలుచని ప్లాస్టిక్ పలకలతో నేలనూ గోడలనూ అతికించి, బయట నిలువు పట్టీలు, తలుపులు అమర్చి, కింద రెండు బోగీలు, అంటే నాలుగేసి చక్రాలతో మలుపులో తిరిగే చట్రాలు, బిగించాలి. తేలికైన వ్యాగన్ పట్టా తప్పుతుంది గనుక, అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ఒక ఔన్సుకు తోడు పొడవులో అంగుళానికి అర ఔన్సు చొప్పున బరువు ఉండాలని సూచించింది. అంటే బాక్స్‌ఎన్‌కు సుమారు 97 గ్రాములు. బొగ్గు పొడి అతికించిన కుప్ప కింద ఇనుప వాషర్లు దాస్తే ఆ బరువు సమకూరుతుంది. బొగ్గు రాపిడికి లోపలి గోడల రంగు ఊడిపోతుంది కాబట్టి అక్కడ తుప్పు చూపాలి. పక్కన రాసే పదకొండంకెల సంఖ్యలో మొదటి రెండు వ్యాగన్ రకాన్నీ, తర్వాతి రెండు సొంతదారు రైల్వేనూ (దక్షిణ మధ్య రైల్వేకు 09), ఆపై రెండు తయారీ సంవత్సరాన్నీ తెలుపుతాయి. తోచిన అంకెలు వేస్తే ఎరిగినవారు ఇట్టే పట్టేస్తారు.

ఒక రేకు, అంటే కలిసి నడిచే వ్యాగన్ల వరుస, 58 బాక్స్‌ఎన్‌లతో 621 మీటర్లుంటుంది. నమూనాలో ఏడు మీటర్లు దాటుతుంది. ఎనిమిది వ్యాగన్లయితే మీటరులోపే సరిపోతాయి. కర్మాగారపు సైడింగులో, అంటే సరుకు ఎక్కించి దింపే పక్క దారిలో, రేకును విడదీసి భాగాలుగా నిలిపే సందర్భాన్ని ఎంచుకుంటే ఆ పొట్టి బండికి తగిన కారణం దొరుకుతుంది. సరుకు, మార్గం, వ్యాగన్ ఒకదానితో ఒకటి పొసగినప్పుడే నమూనాకు నిజత్వం వస్తుంది. అది పెట్టెల సంఖ్యతో వచ్చేది కాదు.