రోమను నాణెం విలువ

కృష్ణా సాగరసంగమ సీమను క్రీ.శ. రెండవ శతాబ్దిలో టాలెమీ ‘మైసోలియా’ అని పేర్కొన్నాడు. ఆయన చెప్పిన కంటకోస్సిల నేటి ఘంటసాలేనని పండితుల అభిప్రాయం. ఆనాటి సముద్ర వర్తకానికి సాక్షి రోమను నాణెం.

దానిని పరీక్షించేవారు మొదట తూచి చూస్తారు. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి వెండి నాణెపు బరువును, మేలిమిని తగ్గించాడు. దక్షిణాపథంలో దొరికిన వెండి నాణేలలో అంతకు పూర్వపు అగస్టస్, టైబీరియస్‌లవే అధికం. మన వర్తకులు తక్కెడ మరువలేదన్నమాట! పిమ్మట అరుగుదల చూడాలి. ముఖరేఖలు, అంచున అక్షరాలు స్ఫుటంగా ఉన్నాయా? కొన్నిటిపై చక్రవర్తి ముఖాన ఉలిగాటు ఉంటుంది. అది ఈ దేశంలోనే పడిందని పలువురి ఊహ. సేకర్తకు అది లోపం, చరిత్రకారునికి అమూల్యం.

చింతపండుతో తోమితే నాణెం మెరుస్తుంది గాని, విలువ సన్నగిల్లుతుంది. దొరికిన చోటు తెలియకపోతే చరిత్రకు దాని సాక్ష్యం సగమే. భూమిలో పది రూపాయలకు మించిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఆదేశిస్తున్నది.