కోమాలో ఉన్నవాళ్లతో ఏం మాట్లాడాలి?

తలకి ఆపరేషనయ్యి కోమాలో ఉన్న మనిషితో ఏం మాట్లాడాలి? మా తాడేపల్లిలోనూ ఐసీయూ బయట కూర్చున్నవాళ్లకి ఇదే ప్రశ్న.

2015లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక దారి చూపించారు. తలకి దెబ్బ తగిలి పూర్తి స్పృహలోకి రాని 15 మందిలో కొందరికి, ఇంటివాళ్లు చెప్పిన పాత సంగతుల రికార్డింగులు రోజుకి 4 సార్లు, 6 వారాలు వినిపించారు. మిగతావాళ్లకి నిశ్శబ్దమే. విన్నవాళ్లు ఎక్కువ మెరుగయ్యారు. అధ్యయనం చిన్నదే, గ్యారెంటీ ఏమీ లేదు.

నాకు నచ్చిందేంటంటే, దీనికి ఫోన్ చాలు. ముందు డాక్టర్ని అడగండి. అందరూ చుట్టూ చేరి ఏడవొద్దు. ఒక్కరే వెళ్లి, పేరు పెట్టి పిలిచి, మిరప కల్లంలో వానకి తడిసిన రోజో, బ్యారేజీ మీద బండి ఆగిపోయిన రోజో చెప్పండి. కాసేపు చాలు, తర్వాత విశ్రాంతి ఇవ్వండి. గుండె వేగం పెరిగితే ఆపేసి నర్సుకి చెప్పండి. ఊళ్లో ఉండిపోయిన నాయనమ్మ గొంతు కూడా రికార్డు చేసి పంపించమనండి.