కనుమరుగైన విండో ఎక్కడికి పోయింది?

కంప్యూటర్‌లోని ప్రాసెసర్, మెమరీ, డిస్క్, కీబోర్డు వంటి పరికరాలన్నింటినీ నడిపిస్తూ, వాటికీ మనిషికీ మధ్యవర్తిగా నిలిచే మూల సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఇది చేసే పనిలో అధికభాగం వాడుకరి కంటబడదు. తెర మీద కనిపించే బొమ్మలు, మెనూలు, విండోలు మాత్రమే అతని దృష్టిలో కంప్యూటర్. దుకాణంలో లెక్కలు రాసుకునేవారికైనా, కార్యాలయంలో ఉత్తరాలు టైపు చేసేవారికైనా ఒక సిస్టమ్ సులభమో కష్టమో తేలేది ఈ కనిపించే భాగంలోనే గనుక, వాడుకలో సౌలభ్యం అంటే ఏమిటి, దాన్ని సాధించేదెలా అన్న ప్రశ్నలు కంప్యూటర్ విజ్ఞానంలో ఒక ప్రత్యేక శాఖకే దారితీశాయి.

1981లో వచ్చిన ఎంఎస్-డాస్ వంటి సిస్టమ్‌లలో ఖాళీ తెర మీద ఒక చిన్న గుర్తు మిణుకుమిణుకుమంటూ ఉండేది. ఫైలును నకలు తీయాలన్నా, తుడిచివేయాలన్నా దానికి తగిన ఆదేశాన్ని, ఫైలు పేరును, అది ఉన్న చోటును అక్షరం పొల్లుపోకుండా టైపు చేయవలసి వచ్చేది. మనస్తత్వ శాస్త్రం జ్ఞాపకాన్ని రెండు విధాలుగా విడదీస్తుంది. ఏ ఆధారమూ లేకుండా ఒక విషయాన్ని గుర్తుతెచ్చుకోవడం ఒకటి, ఎదురుగా ఉన్నదాన్ని చూసి గుర్తుపట్టడం రెండోది. రెండోది మొదటిదానికంటే చాలా తేలిక. ఆదేశాలతో నడిచే కంప్యూటర్ మొదటి శక్తి మీదే ఆధారపడింది కాబట్టి, రోజూ దానితోనే పనిచేసే నిపుణులకు అది వేగవంతమైన సాధనమైంది, అప్పుడప్పుడు వాడేవారికి మాత్రం కొరకరాని కొయ్యగానే మిగిలింది.

భారాన్ని గుర్తుతెచ్చుకోవడం నుంచి గుర్తుపట్టడం వైపు మళ్ళించిన మార్పు కాలిఫోర్నియాలో మొదలైంది. కంప్యూటర్ పరిశోధకుడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో మౌస్‌ను బహిరంగంగా ప్రదర్శించాడు. జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో 1973లో ఆల్టో యంత్రం రూపొందింది; అదే సంస్థ 1981లో విడుదల చేసిన స్టార్ యంత్రం తెరను ఒక ఆఫీసు బల్లగా, ఫైళ్ళను ఆ బల్ల మీది కాగితాలుగా చూపించింది. డెస్క్‌టాప్ అనే భావన విపణిలోకి వచ్చింది ఆ యంత్రంతోనే. ఆపిల్ సంస్థ 1983లో లీసాను 9,995 డాలర్లకు, మరుసటి ఏడాది మెకింటోష్‌ను 2,495 డాలర్లకు అమ్మకానికి పెట్టడంతో ఈ పద్ధతి పరిశోధనశాలల గడప దాటింది. కంప్యూటర్ శాస్త్రవేత్త బెన్ ష్నైడర్‌మన్ 1980ల తొలినాళ్ళలో ఈ పద్ధతికి ప్రత్యక్ష చాలనం అని చెప్పదగిన పేరు పెట్టి, దాని లక్షణాలను వివరించాడు: పని చేయవలసిన వస్తువు ఎప్పుడూ కళ్ళెదుట ఉండాలి, ఆదేశం రాయడానికి బదులు ఆ వస్తువునే పట్టి కదపగలగాలి, చేసిన పని ఫలితం వెంటనే కనిపించాలి, ఆ పనిని వెనక్కి తీసుకునే వీలుండాలి.

సూత్రాలు ఇంత స్పష్టంగా ఉన్నప్పటికీ, వాటిని పాటించామనుకున్న సిస్టమ్ నిజంగా సులభమైందో లేదో రూపకర్తలు తమంతట తాము చెప్పలేరు, ఎందుకంటే తాము కట్టిన ఇంట్లో వారికి దారి తెలియకపోవడమంటూ ఉండదు. ఈ విషయంలో అన్నిటికంటే బోధప్రదమైన ఉదాహరణ 1995 ఆగస్టు 24న మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన విండోస్ 95. దాని తయారీలో 64 దఫాలుగా 560 మందిని ప్రయోగశాలకు పిలిపించి, చిన్న చిన్న పనులు అప్పగించి, వారు ఎక్కడ తడబడుతున్నారో గమనించినట్లు దాని రూపకల్పన బృందంలోని కెంట్ సలివాన్ 1996లో ఒక పరిశోధన పత్రంలో వివరించాడు.

అంతకుముందున్న విండోస్ 3.1లో ఒక విండో మీద మరొకటి తెరుచుకుంటే కిందిది పూర్తిగా మరుగున పడే అవకాశం ఉండేది. చిన్నదిగా కుదించిన విండో తెర అడుగున ఒక బొమ్మగా మారి, అది కూడా ఇతర విండోల చాటుకు వెళ్ళిపోయేది. కొత్తవారికి ఒకదానిమీద ఒకటి పడే ఈ విండోలే పెద్ద చిక్కుగా పరిణమించాయి, కనబడని విండో ఇంకా తెరిచే ఉందన్న ఊహ వారికి తట్టేది కాదు. దీన్ని వారి అజ్ఞానంగా కొట్టిపారేయడం అన్యాయం. తెర ఏమి చూపిస్తే అదే నిజమని నమ్మమని వారికి నేర్పింది ఆ సిస్టమే. ఇదే విధంగా రెండుసార్లు వెంటవెంటనే నొక్కే డబుల్ క్లిక్ కూడా తొలిసారి మౌస్ పట్టినవారిని ఇబ్బంది పెట్టింది: చేయి తిరగకపోవడం ఒక ఎత్తు, అలా నొక్కాలని తెర మీద ఎక్కడా సూచన లేకపోవడం మరొక ఎత్తు. ఫోల్డర్‌లో ఫోల్డర్, దానిలో మరొక ఫోల్డర్ ఉండే అమరిక సైతం వారికి అంతుపట్టలేదు.

ఈ పరిశీలనల ఫలితమే నేటికీ కోట్లాది కంప్యూటర్ల తెర అడుగున కనిపించే టాస్క్‌బార్. కొన్ని నమూనాలను ప్రయత్నించి వదిలిన తరువాత, తెరిచిన ప్రతి విండోకూ ఎప్పుడూ కనిపించే ఒక బటన్ ఉండాలన్న నిర్ణయానికి బృందం వచ్చింది. ప్రోగ్రాములను ఒక్క క్లిక్కుతో వెదికి తెరిచేందుకు స్టార్ట్ బటన్ ఏర్పడింది. కొత్తవారి కోసం విడిగా ఒక సరళమైన డెస్క్‌టాప్‌ను రూపొందించాలన్న ఆలోచన కూడా తొలిదశలో వచ్చింది గాని, అందులో లేని పని ఏదైనా అవసరమైతే వాడుకరి అసలు డెస్క్‌టాప్‌కు వెళ్ళి అంతా మొదటినుంచి నేర్చుకోవలసి వస్తుందని తేలడంతో దాన్ని విరమించుకున్నారు. సౌలభ్యమంటే సదుపాయాలు తగ్గించడం కాదని, ప్రస్తుతం ఏమి జరుగుతోందో దాచకుండా చూపడమని ఈ అనుభవం రుజువు చేసింది.

చూపడంతోపాటు అందుబాటు కూడా ముఖ్యమే. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లో ప్రతిపాదించిన నియమం ప్రకారం, చేతితో ఒక గురిని చేరడానికి పట్టే సమయం దాని దూరాన్ని బట్టి పెరుగుతుంది, దాని పరిమాణాన్ని బట్టి తగ్గుతుంది. మౌస్ సూచిక తెర అంచును దాటి పోలేదు కనుక, అంచుకు ఆనుకున్న మెనూను ఎంత విసురుగా గురిపెట్టినా తప్పిపోదు. మెకింటోష్ మెనూలు తెర పైఅంచున ఉండటంలోని సౌకర్యం ఇదే. విండోస్ 95 స్టార్ట్ బటన్‌కూ తెర మూలకూ మధ్య సన్నని ఖాళీ ఉండిపోవడం వల్ల సూచికను మూలకు తోసి నొక్కినా బటన్ పలికేది కాదు. ఈ లోపాన్ని తరువాతి రూపాల్లో సరిచేశారు. 2021లో వచ్చిన విండోస్ 11 ఆ బటన్‌ను మామూలు అమరికలో తెర అడుగున నడిమధ్యకు జరిపి, మూల ఇచ్చే ఆ ఉచిత సహాయాన్ని వదులుకుంది.

అలవాటు పాత్ర ఇంకా లోతైనది. మెకింటోష్ ప్రాజెక్టును ప్రారంభించిన జెఫ్ రాస్కిన్ 1994లో రాసిన ఒక వ్యాసంలో, సహజంగా తోచేదని మనం మెచ్చుకునేది నిజానికి ఇంతకుముందే పరిచయమైనదేనని వాదించాడు. 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్‌ను తొలగించి, దాని స్థానంలో వేలితో తాకడానికి అనువైన పలకల తెరను పెట్టినప్పుడు ఎదురైన అసంతృప్తి ఈ వాదానికి బలమైన సాక్ష్యం. మరుసటి ఏడాదే 8.1లో బటన్, 2015లో విండోస్ 10తో మెనూ తిరిగి వచ్చాయి.

తెలుగు వాడుకరి విషయంలో ఈ సూత్రాలన్నీ మరింత నిశితమైన పరీక్షకు గురవుతాయి. ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్యను కేటాయించే యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరినా, చాలాకాలం మన డీటీపీ కేంద్రాలు అను వంటి ప్రత్యేక ఫాంట్లతోనే పనిచేశాయి. వాటిలో తెర మీద కనిపించేది తెలుగు, లోపల నిల్వ అయ్యేది వేరే సంకేతాలు. అందుచేత ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు అర్థంలేని గుర్తుల వరుసగా కనిపించేది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో రావడంతో సిస్టమే తెలుగును నేరుగా అర్థం చేసుకోసాగింది. అయినా లోటు పూర్తిగా తీరలేదు: 2018 ఫిబ్రవరిలో జ్ఞ అనే సంయుక్తాక్షరంతో కూడిన ఒక అక్షర కూర్పు తెర మీదికి వస్తే చాలు, ఆపిల్ ఫోన్లలోనూ మ్యాక్ కంప్యూటర్లలోనూ అనేక ప్రోగ్రాములు కుప్పకూలిపోయాయి. విజ్ఞానం, జ్ఞాపకం వంటి నిత్యవ్యవహార పదాలలో ఉండే అక్షరమిది. కొద్దిరోజుల్లోనే ఆ లోపాన్ని సరిదిద్దినా, తెలుగు రాసేవారి చేత ఎంత విరివిగా పరీక్షింపజేశారన్న ప్రశ్న మిగిలే ఉంది.

టైపు చేయడంలో సమస్య మరింత మౌలికమైనది. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు ఒక వైపు, హల్లులు మరొక వైపు క్రమబద్ధంగా ఉంటాయి గాని, సాధారణంగా దొరికే కీబోర్డుల మీటలపై తెలుగు అక్షరాలు ముద్రించి ఉండవు. ఏ మీట కింద ఏ అక్షరం ఉందో గుర్తుపట్టే వీలులేక గుర్తుతెచ్చుకోవలసి రావడంతో, డాస్ కాలం నాటి భారం తెలుగు రాసేవారి మీద ఇంకా అలాగే ఉంది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మారే ఉచ్చారణ పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2019లో విండోస్ 10లో చేర్చింది, చాలామంది దాన్నో, అటువంటి ఇతర సాధనాలనో వాడుతున్నారు. ఇంగ్లీషు చదువుకున్నవారికి అది పరిచిత మార్గమే. తెలుగు మాత్రమే చదవను రాయను వచ్చిన స్వయం సహాయక సంఘం సభ్యురాలికో, రైతుకో తన సొంత భాషలో ఒక అర్జీ టైపు చేయడానికి ముందు పరాయి లిపి నేర్చుకోవడమే తొలి మెట్టవుతోంది.