సర్కారు వద్దంటే సిగరెట్టు పోతుందా?



"ప్రాణానికి చెడ్డదని పెట్టెమీద బొమ్మవేసి మరీ అమ్మనిస్తున్నారే, ఆ సిగరెట్లను సర్కారు ఒక్కసారిగా నిషేధించెయ్యరాదూ?" అని నలుగురం కూర్చున్నప్పుడు అనుకుంటూనే ఉంటాం. న్యాయమైన ప్రశ్నే. మన దేశంలో పొగాకువల్ల ఏటా 13 లక్షలమందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కాల్చేది ఇంటాయన ఒక్కరే అయినా ఆ పొగ పీల్చేది మనమూ, మన పిల్లలూను. పొగ తిరిగే ఇంట్లో పసివాళ్ళకు ఉబ్బసం, న్యుమోనియా, చెవిపోటు ఎక్కువగా వస్తాయని డాక్టర్లు అంటారు. అటువంటప్పుడు ఒక్క చట్టం చేసి ఈ పీడ వదిలించరాదా అనిపించడం సహజమే.

అయితే నిషేధం అంటే ఏమిటో తెలుగు ఆడవాళ్ళకు మరొకరు చెప్పనక్కరలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం 1992లో ఊరూరా పాకింది. 1993లో సారా పోయింది, 1995 జనవరిలో మద్యం మొత్తాన్నే నిషేధించారు. అది ఆడవాళ్ళ గెలుపు. కాని పొరుగు రాష్ట్రాలనుంచి దొంగ సరుకు వస్తూనే ఉంది, నాటుసారా కాస్తూనే ఉన్నారు, ఖజానాకేమో రాబడి తగ్గింది. చివరికి 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు.

అది మద్యం కథ. పొగాకు సంగతి వేరు కాదా అంటారేమో. మన పొరుగునే ఉన్న భూటాన్ 2004లో పొగాకు అమ్మకాన్నే నిషేధించింది. ఏమైంది? కాల్చేవాళ్ళు సరిహద్దు దాటించి తెప్పించుకున్నారు. కరోనా రోజుల్లో ఆ దొంగ సరుకుతోపాటు రోగం కూడా వస్తుందని భయపడి, 2021లో చట్టాన్ని మార్చి అమ్మకానికి మళ్ళీ ఒప్పుకున్నారు.

ఇక మా నారాయణఖేడ్ సంగతి చెబుతాను. మాది సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక అంచున ఉన్న ఊరు. కొంచెం పోతే బీదరు. గుట్కాను 2013లోనే ఉమ్మడి రాష్ట్రంలో నిషేధించారు. తెలంగాణలో 2024 మేలో మళ్ళీ ఏడాదిపాటు నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అయినా బీదరు వైపునుంచి వస్తున్న గుట్కా సంచులు పట్టుబడ్డాయని పేపర్లో చదువుతూనే ఉన్నాం. సరిహద్దుకు అటొక న్యాయం, ఇటొక న్యాయం ఉంటే సరుకు రాత్రిపూట నడుస్తుంది.

ఇంకో చిక్కు చూడండి. 2016-17లో దేశమంతటా జరిగిన సర్వేలో పెద్దవాళ్ళలో నూటికి సిగరెట్లు కాల్చేవాళ్ళు 4గురే. బీడీలు కాల్చేవాళ్ళు సుమారు 8మంది. గుట్కా, ఖైనీ వంటివి నమిలేవాళ్ళు 21మంది! ఒక్క సిగరెట్టునే ఆపితే అది కాల్చేవాడు బీడీకో, ఖైనీకో మళ్ళుతాడు. పెనంమీదనుంచి పొయ్యిలో పడ్డట్టే కదా?

పోనీ, బీడీ కూడా బంద్ చెయ్యమందామా? మా ఉమ్మడి మెదక్ జిల్లాలోనే దుబ్బాక, సిద్దిపేట దిక్కు వెళ్ళి చూడండి. ఒళ్ళో చేట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, పొద్దస్తమానం బీడీలు చుట్టేది మనవంటి ఆడవాళ్ళే. ఆ పొగాకు దుమ్ము పీల్చి దగ్గేదీ వాళ్ళే. అటు ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో పొగాకు పండించే రైతులున్నారు. వాళ్ళకోసం గుంటూరులో 1976నుంచి పొగాకు బోర్డే ఉంది. వీళ్ళందరికీ వేరే బతుకుతెరువు చూపకుండా రాత్రికి రాత్రి తలుపులు మూస్తే, ఒక ఇంట్లో పొగ ఆగి మరో ఇంట్లో పొయ్యి ఆరుతుంది.

అయితే చేతులు కట్టుకొని కూర్చోవాలా అంటే, వద్దంటాను. నా మట్టుకు నాకు తోచేదేమంటే, నిషేధం మొదట పిల్లవాడి చేతిదగ్గర గట్టిగా నిలవాలి. ఈ అలవాటు చాలామందికి చిన్నతనంలోనే పట్టుకుంటుంది. నికొటిన్ ఒకసారి ఒంటికి మరిగిందా, మానడం ఎంత కష్టమో ఇంటాయనను చూస్తున్న మనకు తెలియంది కాదు.

దీనికి చట్టం కొత్తగా పుట్టనక్కరలేదు. 2003నాటి చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివారికి సిగరెట్టు అమ్మరాదు. బడికి, కాలేజీకి 100 గజాలలోపల అసలే అమ్మరాదు. 2015నాటి బాలల చట్టమైతే పిల్లల చేతికి పొగాకు ఇచ్చినవారికి ఏడేళ్ళవరకు జైలు, లక్షవరకు జుర్మానా అంటున్నది. కర్ణాటకవాళ్ళు 2025లో ఆ వయస్సును 21కి పెంచారు, విడి సిగరెట్ల అమ్మకం వద్దన్నారు. ఇది మనమూ అడగాల్సిన మాట. పెట్టె మొత్తం కొనాలంటే పిల్లవాడి జేబు చాలదు. ఒక్కటైతే చాక్లెట్ డబ్బులతో వస్తుంది. పైగా ఆ భయపెట్టే బొమ్మ ఉండేది పెట్టెమీద. విడిగా కొన్నవాడికి అది కనిపించనే కనిపించదు.

ఇంతవరకూ సర్కారు పని. ఇక మన పని. "బాబూ, డబ్బాకు పోయి నాన్నకు ఒక సిగరెట్టు పట్టుకురా" అని పదేళ్ళవాణ్ణి పంపే ఇళ్ళు ఇప్పటికీ ఎన్ని లేవు? దుకాణదారు తప్పు చేశాడంటాం, చేతికి డబ్బిచ్చి పంపింది మాత్రం ఇంట్లోవాళ్ళే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పిల్లల్ని ఆ పనికి పంపేది లేదని ముందు ఇంట్లో చెప్పండి. ఇంటికప్పు కింద, పిల్లలున్న గదిలో కాల్చడం కుదరదని నెమ్మదిగానే అయినా గట్టిగా చెప్పండి. కిటికీ తెరిచినంతమాత్రాన పొగ పోదు. మానాలనే మనసు వారికుంటే దెప్పకండి. 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా సలహా చెబుతారు. మానిన ఏడాదికి గుండెజబ్బు ముప్పు సగానికి సగం తగ్గుతుందని డాక్టర్లు చెప్పే మాట కూడా వారి చెవిన వెయ్యండి.

ఆ తర్వాత మీ వీధిలోని నలుగురు ఇల్లాళ్ళు కలిసి బడి దగ్గరి పాన్‌డబ్బాకు వెళ్ళండి. "అన్నా, ఇక్కడ ఇది అమ్మకూడదట, మా పిల్లలు వచ్చి అడిగినా ఇవ్వకు" అని చెప్పి రండి. వినకపోతే హెడ్‌మాస్టరుగారితో కాగితం రాయించి పోలీసు ఠాణాలో ఇవ్వండి. దూబగుంట ఆడవాళ్ళు కూడా ముందు తమ ఊరి సారా దుకాణం ముందే నిలబడ్డారు. రాజధాని మాట ఆ తర్వాత వచ్చింది.