తూటా మూతికి ఎంత నొక్కు?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో గురిపందెములయం దాసక్తి గలవారు పలువురు, కాల్చిన తూటాల ఇత్తడి గుల్లలను పారవేయక దాచి, ఇంటి బల్లమీదనే మరల నింపుకొందురు. దీనిని వారు రీలోడింగు అందురు. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి లైసెన్సు లేక తూటాలు తయారుచేయుట నేరము. కనుక ఇది మన ఇండ్లలో చేయదగిన పని కాదు. అయినను ఆ పనిలోని చివరి మెట్టు లోహముల స్వభావమును చక్కగా బోధించును. అంగుళములో వెయ్యవ వంతులతో కొలువవలసిన యొక నొక్కు మీద, కాల్చువాని కన్నులును చేతులును ఆధారపడియుండును. ఆ నొక్కును గూర్చియే మేమిపుడు వివరింపనున్నాము.

తూటాకు నాలుగు భాగములు: ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించు ప్రైమరు, లోపల మందు, మూతిలో గుండు. కాల్చిన గుల్ల ఉబ్బియుండును గాన, మొదట దానిని డై అను ఉక్కు అచ్చులోనికి నెట్టి సన్నపరచి, క్రొత్త ప్రైమరును అమర్చుదురు. గుండు సుళువుగా దిగుటకై మూతిని కొంచెము విప్పారజేయుదురు. మందు పోసి గుండు దించిన పిమ్మట ఆ విప్పును మూయవలయును. మూయునది క్రింపు డై.

ఈ డై రెండు విధములు. ఏది కావలయునో తుపాకియే చెప్పును. జాన్ బ్రౌనింగు రూపొందింపగా 1911లో అమెరికా సైన్యము స్వీకరించిన పిస్తోలును చూతము. అందు వాడు .45 తూటా అడుగున బయటకు పొడుచుకొని వచ్చు అంచు లేదు. పిస్తోలు గొట్టములోనికి పోవునపుడు గుల్ల మూతియే లోపలి గట్టునకు తగిలి ఆగవలయును. మూతిని లోనికి మడచినచో ఆ ఆధారము పోవును. కావున దీనికి టేపర్ క్రింపు తగినది. అది మూతిని మడవదు. విప్పారిన భాగమును తిన్నగా మాత్రమే చేయును. మూతి కొలత 0.470 మొదలు 0.472 అంగుళముల వరకు ఉండిన చాలును.

రివాల్వరు సంగతి వేరు. 1898 నాటి .38 స్పెషల్, 1935లో వచ్చిన .357 మాగ్నం తూటాలకు అడుగున అంచు కలదు. తూటాను ఆపునది ఆ యంచే. కాని ఒక తూటా పేలి రివాల్వరు వెనుకకు తన్నినపుడు, మిగిలిన గుల్లలు దానితో వెనుకకు పోవును. బరువైన గుండ్లు మాత్రము ఉన్నచోటనే నిలువజూచును. ఇట్లు గుండు కొంచెము కొంచెముగా బయటకు జారి, సిలిండరు తిరుగకుండ అడ్డుపడును. కావున కంసాలి రాతిచుట్టు బంగారు అంచును వంచి పొదిగినట్లు, గుండుమీది గాడిలోనికి మూతిని వంచు రోల్ క్రింపు దీనికి కావలయును.

పిస్తోలులో అపాయము ఇందుకు విరుద్ధము. తూటా గొట్టములోనికి ఎక్కునపుడు గుండు లోహమునకు కొట్టుకొని గుల్లలోనికి దిగవచ్చును. లోని చోటు తగ్గినకొలది పీడనము మిక్కిలి పెరుగును. తుపాకి పగిలిపోవుటయు కలదు. అట్లయిన ఇంకను గట్టిగా నొక్కిన మంచిదికదా యని తోచును. అది పొరపాటు. ఇత్తడికి సాగి వెనుకకు వచ్చు గుణము కలదు. సీసమునకు అది లేదు. మితిమించి నొక్కినచో సీసము నలిగి అట్లే యుండును. ఇత్తడి మరల విచ్చును. ఉన్న పట్టు సడలును. పార కామను నిలుపునది బిగువైన రంధ్రము. అట్లే గుండును నిలుపునది మొదట సన్నపరచిన గుల్ల బిగువు. అది చాలనపుడు సన్నపరచు డైనే సరిచూడవలయును.

డై అమర్చుటకు మందును ప్రైమరును లేని నమూనా తూటాను తీసికొందురు. దానిని ప్రెస్సులో పైకెత్తి, డై మూతికి తగులువరకు త్రిప్పి, పిదప స్వల్పముగా దింపుచు కొలుతురు. గుండు దించుట, మూతి నొక్కుట వేర్వేరుగా చేయుట మేలు. దిగుచున్న గుండును మూయుచున్న మూతి గీరకుండును. రోల్ క్రింపునకు గుల్లలన్నియు ఒకే పొడవున ఉండవలయును. పొడవైనది ఎక్కువగాను, పొట్టిది తక్కువగాను మడతపడును.

పరీక్షలును సులభములే. విప్పి తీసిన పిస్తోలు గొట్టములో నమూనా తూటా టక్కున దిగి, తలక్రిందు చేయగానే జారిపడవలయును. గుండును బల్లకు ఆనించి బొటనవ్రేలితో గట్టిగా నెట్టినను తూటా పొడవు తగ్గరాదు. రివాల్వరులో ఐదు కాల్చి, కాల్చని ఆరవదాని పొడవును కొలిచి చూతురు, పెరిగియుండరాదు.

ఈ పరీక్షలలో నెగ్గిన నొక్కే చాలినంత నొక్కు. అంతకుమించి పిడిని బలముగా లాగుటవలన తూటాకు బలము చేకూరదు.