సీసాలో పండు ఎంత?

మద్యంలో నిమ్మరసం, తీపి కలిపి తాగే పద్ధతి ఎక్కడో పడమటి దేశాల హోటళ్లలో పుట్టిందని చాలామంది నమ్మకం. దొరికిన కాగితాలు మాత్రం మన తీరానికే దారి చూపిస్తున్నాయి. 1632 సెప్టెంబరు 28న రాబర్ట్ ఆడమ్స్ అనే ఈస్టిండియా కంపెనీ మనిషి, పెటపోలిలో వర్తకుడిగా ఉన్న థామస్ కాలీకి ఉత్తరం రాస్తూ అందులో 'పంచ్' ప్రస్తావన తెచ్చాడు. ఆ పానీయం పేరు కాగితం మీద కనిపించడం, ఇంతవరకూ తెలిసినంతలో, అదే మొదటిసారి. పెటపోలి అంటే నేటి నిజాంపట్నం. దివిసీమ నుంచి చూస్తే కృష్ణ సాగరసంగమానికి ఆవలి ఒడ్డు. 1611లో గ్లోబ్ ఓడ మీద వచ్చిన ఇంగ్లీషువాళ్లు అక్కడా మచిలీపట్నంలోనూ బేరసారాలు మొదలుపెట్టారు. ఆ కాలపు పంచ్‌లో సారా, నిమ్మరసం, చక్కెర, ఏదో ఒక సుగంధ ద్రవ్యం, నీళ్లు ఉండేవి. ఆపిల్ బ్రాందీతో చేసే ప్రసిద్ధమైన కాక్‌టెయిల్ జాక్ రోజ్‌లో నేటికీ ఇంచుమించు అదే పొందిక: మద్యం, నిమ్మరసం, దానిమ్మ పానకం, మంచు కరిగిన నీళ్లు. పులుపు, తీపి, నీళ్లు ఎప్పుడూ ఉండేవే. పానీయానికి దేనికదే గుర్తుపట్టగల రుచి రావాలంటే ఆ పని మద్యమే చేయాలి. కల్లు నుంచో బెల్లం నుంచో కాచిన సారా ఘాటైన సొంత వాసనతో ఆ పని చేసింది. ఇంట్లో కలుపుకోవడానికి ఆపిల్ బ్రాందీ ఎంచుకునేవారు కూడా మొదట అడగాల్సింది ఇదే: ఈ సీసాలో పండు నుంచి వచ్చింది ఎంత? రంగు, వయసు, ధర ఆ తరవాతి సంగతులు.

ఈ ప్రశ్న మన దగ్గర మరీ అవసరం. ఎందుకంటే బందరులోనో గుడివాడలోనో దుకాణంలో బ్రాందీ పేరుతో దొరికే మామూలు సీసాలో పండు వాటా చాలా తక్కువ. చెరుకు రసం నుంచి చక్కెర తీసేశాక మిగిలే మొలాసిస్‌ను గానీ, ధాన్యాన్ని గానీ పులియబెట్టి, ఎత్తైన స్తంభాల్లాంటి బట్టీల్లో 96 శాతం దాకా శుద్ధి చేసిన ఆల్కహాలు దానికి ఆధారం. దాన్ని నీళ్లతో 42.8 శాతానికి దించి, కొంచెం ద్రాక్ష స్పిరిట్, వాసన ద్రవ్యాలు, మాడ్చిన చక్కెర రంగు చేరుస్తారు. ఇది కల్తీ కాదు, మన నిబంధనలు ఒప్పుకున్న పద్ధతే. ఉయ్యూరు చక్కెర మిల్లు చుట్టూ చెరుకు పెరిగిన డెల్టాలో మొలాసిస్‌కు విలువ తెచ్చిన పరిశ్రమ కూడా. కానీ అలవాటైన ఆ సీసా మనకు ఒక తప్పు లెక్క నేర్పింది: రంగు ముదురుగా ఉంటే పాతదని, పాతదైతే మంచిదని. ఆ లెక్కతో ఆపిల్ బ్రాందీ కొంటే డబ్బు దండగ.

ఎందుకో తెలియాలంటే బట్టీలో జరిగేది చూడాలి. ఆపిల్ రసం పులిసి సైడర్ అవుతుంది. అందులో ఆల్కహాలు నూటికి ఐదారు పాళ్లే, మిగతాదంతా దాదాపు నీరే. ఆ నీటిలో వందల రకాల సుగంధ అణువులు అతి కొద్ది మోతాదుల్లో ఉంటాయి. ఇథైల్ 2-మిథైల్‌బ్యూటిరేట్ అనే ఎస్టర్ తాజా ఆపిల్ వాసననిస్తుంది. బీటా-డమాసినోన్ అనే మరో అణువు ఉడికిన ఆపిల్‌ను తలపిస్తుంది. లీటరు నీటిలో 2 నానోగ్రాములు ఉన్నా మనిషి ముక్కు దాన్ని పసిగడుతుందని కొలతలు చెబుతున్నాయి. వీటిలో ఎన్ని సీసా దాకా వస్తాయన్నది ఎంత గట్టిగా శుద్ధి చేశారన్న దాని మీద ఆధారపడుతుంది. ఫ్రాన్స్‌లో నార్మండీ ప్రాంతపు ఆపిల్ బ్రాందీని కాల్వడోస్ అంటారు. అక్కడి పే దోజ్ తాలూకాల్లో రాగి బట్టీలో రెండుసార్లు కాచి, 70 శాతం దరిదాపుల్లో ఆపుతారు. ఆల్కహాలుతో పాటు సుగంధాలూ వెంట వస్తాయి. 96 శాతం దాకా తీసుకెళ్లే స్తంభం చేసే పనే వేరు. ఆల్కహాలు తప్ప మిగిలిన ప్రతిదాన్నీ వదిలించుకోవడానికే దాన్ని కట్టారు. అక్కడ ముడిసరుకు ఆపిలైనా మొలాసిసైనా చివరికి వచ్చేది ఇంచుమించు ఒకటే. ఆ తరవాత పైనుంచి కలిపే వాసన ద్రవ్యంలో ఒకటి రెండు గొంతులే వినిపిస్తాయి, పండులోని మేళం రాదు.

దుకాణంలో సీసాలు చూస్తే ఈ తేడా కంటికి కనబడదు, లేబుల్ చదివితేనే తెలుస్తుంది. అమెరికాలో ఆపిల్ బ్రాందీకి పాత పేరు ఆపిల్‌జాక్. వలస రోజుల్లో చలికాలపు రాత్రులు సైడర్‌ను బయట గడ్డకట్టనిచ్చి, మంచు తీసేసి ఘాటు పెంచేవారు. ఈ రోజు 'బ్లెండెడ్ ఆపిల్‌జాక్' అని రాసి ఉంటే, అక్కడి నిబంధన ప్రకారం అందులో ఆపిల్ బ్రాందీ 20 శాతం ఉంటే చాలు, మిగతాది న్యూట్రల్ స్పిరిట్, అంటే పైన చెప్పిన బాగా శుద్ధి చేసిన ఆల్కహాలు, కావచ్చు. న్యూజెర్సీలోని స్కోబీవిల్ కేంద్రంగా నడిచే లెయిర్డ్ కంపెనీకి 1780 నాటి అమ్మకపు పద్దులున్నాయి. ఆ కంపెనీ తన బ్లెండెడ్ సరుకులో ఆపిల్ వాటా 35 శాతమని చెప్పుకుంది. అదే కంపెనీ 'బాటిల్డ్ ఇన్ బాండ్' అని అమ్మే స్ట్రెయిట్ ఆపిల్ బ్రాందీ పూర్తిగా ఆపిల్ నుంచి వచ్చినదే. 1897 నాటి చట్టం ప్రకారం ఆ మాట ఉన్న సీసాలో సరుకు కనీసం నాలుగేళ్లు పీపాలో ఉండాలి, ఘాటు సరిగ్గా 50 శాతం ఉండాలి. పేరులో ఆపిల్ రెండింటిలోనూ ఉంది, పండు మాత్రం ఒకదానిలో మూడో వంతు. కృష్ణా జిల్లా నుంచి న్యూజెర్సీ వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు తక్కువేమీ కావు. మనవైపు ఆపిల్ బ్రాందీ సీసా కనబడిందంటే ఎక్కువగా అలాంటి వారి సూట్‌కేసులోంచే. తెమ్మని చెప్పేటప్పుడు ఈ తేడా కూడా చెప్పాలి.

ఇక్కడొక అభ్యంతరం సహజం: పండు అంత ముఖ్యమైతే, ఎక్కువ ఏళ్లు ఊరిన ఖరీదైన కాల్వడోస్‌లో అన్నీ ఉంటాయి కదా, అదే కొంటే పోలేదా? కాల్వడోస్‌లో చిన్నది రెండేళ్లది. లేబుల్ మీద వీఎస్‌ఓపీ అని ఉంటే నాలుగేళ్లు, ఎక్స్‌ఓ అని ఉంటే ఆరేళ్లు కనీసం నిండాలి. ఓక్ పీపాలో గడిపే కొద్దీ చెక్కలోంచి వెనిలిన్, టానిన్ లాంటివి దిగి, ఆపిల్ మీద ఓక్ పైచేయి అవుతుంది. విడిగా కొద్దికొద్దిగా చప్పరించేవారికి ఆ సూక్ష్మత విలువైనదే. కానీ నిమ్మరసం, పానకం, మంచు వేసి కుదిపాక సున్నితమైన చెక్క పరిమళాలు పులుపు తీపుల కింద అణగిపోతాయి. పైకి తేలి నిలిచేది పండు గుణం, ఘాటు. కాబట్టి పుల్లటి పానీయాలకు రెండు నుంచి నాలుగేళ్ల సరుకే మేలు. వెర్మూత్ అనే మూలికల వైన్ లాంటి వాటితో నిమ్మ లేకుండా, కుదపకుండా కలిపే రకాల్లో మాత్రం కొంచెం పాతది పెట్టడానికి కారణం ఉంది. దోంఫ్రోంటె కాల్వడోస్ సంగతి వేరు. అందులో కనీసం 30 శాతం పియర్ పండు ఉంటుంది, ఒకేసారి కాస్తారు, మూడేళ్లు ఊరబెడతారు. ఆ తేలికైన పరిమళం నచ్చేవారికి అదీ మంచి ఎంపికే. రంగును మాత్రం అసలు లెక్కలోకి తీసుకోవద్దు. కాల్వడోస్‌కూ మాడ్చిన చక్కెర రంగు చేర్చే వీలుంది.

ఘాటు గురించి లెక్క వేసి చూడటం అవసరం. మామూలు కొలతల్లో 40 శాతం బ్రాందీ 60 మిల్లీలీటర్లు, నిమ్మరసం, పానకం చెరో 22 మిల్లీలీటర్లు పోస్తే మొత్తం 104. మంచుతో కుదిపితే దానికి సగం దాకా నీళ్లు చేరతాయి. గ్లాసులోకి వచ్చేసరికి ఆల్కహాలు 15 శాతం చిల్లర. మచిలీపట్నం వేసవిలో వంటింటి గట్టు మీది సీసా 35 డిగ్రీల్లో ఉంటుంది. నార్మండీలో అదే సీసా 15 డిగ్రీల్లో ఉండొచ్చు. ఆ 20 డిగ్రీల తేడాను చల్లార్చడానికే వంద మిల్లీలీటర్లకు సుమారు 24 గ్రాముల మంచు అదనంగా కరగాలి. గ్రాము మంచు కరగడానికి 334 జౌళ్ల వేడి పడుతుంది కాబట్టి ఈ లెక్క. అందుకే విదేశీ పుస్తకంలోని కొలత ఇక్కడ నీళ్లగా తేలిపోతుంది. విరుగుడు రెండు రకాలు. సీసా, రసం, పానకం, గ్లాసు అన్నీ ముందే ఫ్రిజ్‌లో పెట్టడం ఒకటి. 50 శాతం ఘాటున్న బ్రాందీ తీసుకుని తక్కువ పోయడం రెండోది. 50 శాతానిది 45 మిల్లీలీటర్లు పోస్తే ఆల్కహాలు 22.5 మిల్లీలీటర్లు, 40 శాతానిది 60 పోస్తే 24. ఆల్కహాలు కొంచెం తగ్గింది. నీళ్లు తక్కువ కలిపి సీసాలో నింపారు కాబట్టి పండు సారం మాత్రం దాదాపు అంతే వచ్చింది.

కొన్న సీసా ఎలాంటిదో తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. పది మిల్లీలీటర్ల బ్రాందీలో ఇరవై మిల్లీలీటర్ల చల్లని నీళ్లు పోసి, కాసేపాగి వాసన చూడాలి. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ కంప్యూటర్ నమూనాతో విస్కీలోని గ్వాయకోల్ అణువును పరిశీలించారు. ఆల్కహాలు 45 శాతం లోపు ఉన్నప్పుడు అది ద్రవం పైభాగానికి చేరుతుందని, 59 శాతం దాటితే లోపలే ఉండిపోతుందని తేలింది. అది ఒక్క అణువు కథ, ఆపిల్ ఎస్టర్లన్నిటికీ యథాతథంగా అంటగట్టలేం. అయినా నీళ్లు పడితే పరిమళం తెరుచుకుంటుందన్న అనుభవానికి అది ఒక కారణం చూపింది. పలుచన చేశాక కూడా ఆపిల్ తొక్క, ఉడికిన పండు వాసనలు నిలిస్తే ఆ సీసా కలపడానికి పనికొస్తుంది. వెనిల్లా, చక్కెర వాసన తప్ప మరేమీ మిగలకపోతే ఎంత పెట్టి కొన్నా పనికిరాదు.

బాగా శుద్ధి చేసిన ఆల్కహాలే ఆరోగ్యానికి సురక్షితం కదా అని ఒక వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు. ఆపిల్‌లో పెక్టిన్ ఎక్కువ. ఎంజైములు దాన్ని విడగొట్టినప్పుడు మిథనాల్ వస్తుంది. అందుకే ఐరోపా సమాఖ్య ఆపిల్ స్పిరిట్లకు వంద లీటర్ల స్వచ్ఛ ఆల్కహాలుకు 1200 గ్రాములకు మించరాదని పరిమితి పెట్టింది. ఆ పరిమితిలో ఉన్న సరుకులో అసలు హాని ఇథనాల్‌దే. ప్రమాదమల్లా పరీక్షలేని సరుకులో ఉంది. ఇంట్లో సైడర్ కాయడం చట్టవిరుద్ధం, గడ్డకట్టించి ఘాటు పెంచడం అంతకంటే తెలివైన పనేమీ కాదు. గడ్డకట్టిస్తే నీరు మాత్రమే విడిపోతుంది, మిథనాల్‌తో సహా మిగతాదంతా చిక్కబడుతుంది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం మరొకటి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడ్డ రాష్ట్రం మనది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. గుడివాడ దగ్గరి నిమ్మకూరులో పుట్టి, ఒకప్పుడు గుడివాడకు శాసనసభ్యుడిగా ఉన్న ఎన్టీ రామారావు 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో అది సడలిపోయింది కానీ, ఆ స్త్రీలు చూపిన నష్టం ఇంకా నిజమే. ఆరోగ్యం విషయంలో సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. తాగనివారు ఈ వ్యాసం చదివి మొదలుపెట్టాల్సిన అవసరం ఏమాత్రం లేదు. తాగేవారికి మాత్రం కొలత తెలియడం మేలు చేస్తుంది. 42.8 శాతం బ్రాందీ 30 మిల్లీలీటర్ల పెగ్గులో ఆల్కహాలు సుమారు 10 గ్రాములు, పైన చెప్పినట్టు 50 శాతం బ్రాందీ 45 మిల్లీలీటర్లు పోసిన పానీయంలో దాదాపు 18. పులుపూ తీపీ ఘాటును కప్పేస్తాయి కాబట్టి కలిపిన గ్లాసు తేలిగ్గా దిగిపోతుంది. కంటి అంచనాతో పోయకుండా కొలిచి పోయమనడానికి కారణం అదే.

ఆపిల్ బ్రాందీ దొరకనప్పుడు ఇక్కడి మామూలు బ్రాందీతో సరిపెట్టుకోవాలంటే పండును బయటినుంచి తేవాలి. వాసన ఎస్టర్లు తొక్కలోనే ఎక్కువ. బాగా పండిన ఆపిళ్లను గోరువెచ్చని నీళ్లతో మైనం పోయేలా రుద్ది కడిగి, తొక్క తీసి, బ్రాందీలో వేసి మూతపెట్టి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి వడకట్టాలి. కండను రసం తీసి సన్నని మంట మీద నాలుగో వంతుకు దించితే ఉడికిన ఆపిల్ గుణం పానకంలోకి వస్తుంది. తాజా వాసన ఆవిరైపోతుంది, దాన్ని తొక్క కొంత పూడుస్తుంది. ఈస్టు పులియబెట్టినప్పుడు పుట్టే పరిమళాలు మాత్రం ఈ దారిన రావు. ఆ రసంలో మాలిక్ ఆమ్లం అప్పటికే ఉంటుంది కాబట్టి మన కాగితపు నిమ్మకాయ రసం 22 మిల్లీలీటర్లకు బదులు 15తో మొదలుపెట్టి, రుచి చూసి పెంచుకోవాలి. దానిమ్మ పానకాన్నీ ఇంట్లో చేసుకోవడమే మేలు. ఎర్రరంగు కలిపిన చక్కెర నీళ్ల సీసా కొనేకంటే గింజల రసానికి సమానంగా చక్కెర కరిగించుకుంటే గ్లాసులోకి మరో నిజమైన పండు చేరుతుంది.