మోదుగ గింజలు నట్టలకి పనిచేస్తాయా? పెంటికల్లో గుడ్లు లెక్కపెట్టి చూద్దాం

ఈ వీడియో గొర్రెల నట్టల మందు గురించి. "వేపాకు, మోదుగ గింజలు, వాయువిడంగాలు ఉండగా ఆల్బెండజోల్ ఎందుకన్నా?" అని అడిగేవాళ్ళు మన అనంతపురం వైపు ఎక్కువయ్యారు. కషాయం సీసాలు అమ్మేవాళ్ళూ ఎక్కువయ్యారు. నేనూ ప్రకృతి వ్యవసాయం సరుకు అమ్ముకునేవాడినే, అందుకే చెప్తున్నా: సీసా మీద రాతని నమ్మొద్దు, పెంటికల్లో గుడ్ల లెక్క చూడండి.

గొర్రెల నట్టల్లో అన్నిటికంటే ప్రమాదకరమైంది హీమాంకస్. జీవం నాలుగో పొట్టలో ఉండి రక్తం పీలుస్తుంది. ఒక్కో నట్ట రోజుకి సుమారు 0.05 మి.లీ. తాగుతుంది. వెయ్యి నట్టలుంటే రోజుకి 50 మి.లీ. రక్తం పోయినట్టే. కనురెప్ప లోపల పాలిపోతుంది, దవడ కింద నీరు దిగుతుంది. పైగా ఒక్కో ఆడ నట్ట రోజుకి 5 వేల పైన గుడ్లు పెడుతుంది. అంటే పనిచేయని మందు తాగించి పదిరోజులు ఎదురుచూస్తే, ఆలోపు జీవమే పోవచ్చు.

మొక్కల్లో మందు లేదనడం లేదు. మోదుగ గింజల్లో పలాసోనిన్, వాయువిడంగాల్లో ఎంబెలిన్ ఉన్నాయి. పాకిస్తాన్ పరిశోధకులు గొర్రెలకి మోదుగ గింజల పొడి పెట్టి చూసి, 2006లో ఫలితం ప్రచురించారు. కిలో బరువుకి 3 గ్రాముల చొప్పున ఇస్తే పదో రోజుకి గుడ్లు 78 శాతం తగ్గాయి. లెవామిసోల్ ఇచ్చిన గుంపులో 99 శాతం తగ్గాయి. 78 మంచి అంకెే. కానీ లెక్క వేయండి: 25 కిలోల గొర్రెకి 75 గ్రాముల పొడి. యాభై జీవాల మందకి దగ్గరదగ్గర నాలుగు కిలోలు! చిటికెడు పొడి బెల్లంలో కలిపి పెట్టేవాళ్ళు ఆ 78 శాతం చెప్పుకోవడం న్యాయం కాదు. అలాగని ఎవరూ చెప్పకుండా మోతాదు పెంచేయొద్దు, ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి.

ఇంకోటి. ల్యాబ్‌లో గాజు పళ్ళెంలో నట్ట చచ్చిందంటే గొర్రెలోనూ చస్తుందని కాదు. పళ్ళెంలో రసం నేరుగా నట్టకి తగులుతుంది. గొర్రె మొదటి పొట్టలో లీటర్ల కొద్దీ మేత, నీళ్ళు ఉంటాయి. రసం అందులో పలచబడుతుంది, అక్కడి సూక్ష్మజీవులు కొంత విరిచేస్తాయి.

మరి మన మందలో తేల్చుకునేదెలా? వీడియోలో చూపించినట్టు ఇరవై జీవాలకి గుర్తులు వేసి, పదేసి చొప్పున రెండు గుంపులు చేయండి. నేలమీద పడినవి కాకుండా, ఒక్కోదాని పేగు చివర నుంచే పెంటికలు తీసి విడివిడిగా కట్టండి. 2 గ్రాములు తూచి, ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీళ్ళు 28 మి.లీ. పోసి మెత్తగా చేసి వడకట్టాలి. గుడ్లు పైకి తేలతాయి. మెక్‌మాస్టర్ స్లైడు రెండు గదుల్లో కనిపించినవి కలిపి 50తో గుణిస్తే గ్రాముకి ఎన్ని గుడ్లో వస్తుంది. మైక్రోస్కోపు లేకపోతే దగ్గర్లోని పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్‌కి తీసుకెళ్ళండి. (కార్జపు జలగ గుడ్లు బరువు, ఇలా తేలవు. దాని పరీక్ష వేరు.)

తర్వాత ఒక గుంపుకే మందు. 10 నుంచి 14 రోజులకి రెండు గుంపుల్నీ మళ్ళీ లెక్కించాలి. మందు తాగని గుంపు ఎందుకంటారా? మేత మారినా, ఎండ ముదిరినా గుడ్లు వాటంతట అవే తగ్గొచ్చు. తాగనివాటిలో సగటు 1,000 ఉండి, తాగినవాటిలో 250 ఉంటే మందు పని 75 శాతం. ఆల్బెండజోల్‌నీ ఇదే తూకంలో వేయండి. 95 శాతం కన్నా తగ్గితే నట్టలు ఆ మందుకి మొండికేశాయేమో అనుమానించాలి.

మన కరువు నేలకి ఒక చిక్కుంది. ఎండాకాలం బీళ్ళలో నట్ట పిల్లలు చాలావరకు మాడిపోతాయి. మిగిలిన నట్టలన్నీ జీవాల కడుపుల్లోనే. అప్పుడు మందంతటికీ ఒకే మందు తాగిస్తే, దానికి లొంగనివే బతికి, తొలకరికి బీడంతా వాటి సంతానమే. అందుకే కనురెప్పలు చూసి, పాలిపోయినవాటికే మందు వేసే పద్ధతి దక్షిణాఫ్రికాలో వచ్చింది. ఫమాచా కార్డు అంటారు, ఎరుపు నుంచి తెలుపు దాకా ఐదు రంగులుంటాయి.

రెప్ప తెల్లబడినదాన్ని, దవడ కింద వాచినదాన్ని మాత్రం ఈ పరీక్షలో పెట్టొద్దు. దానికి ఆ రోజే పశువుల డాక్టరు రాసిన మందు పడాలి.